సినోపుల్ అంటే ఏ రంగు

కింద వీధిలో బూర ఊదుకుంటూ నలుగురు సవార్లు పోయారు. ఎదెలీన్ కుంచె పైకెత్తి పట్టుకుని కిటికీలోంచి తొంగిచూసింది. ముందున్న సవారు బల్లేనికి కట్టిన జెండా గాలికి విప్పారింది. దాని మీద కాళ్లు లేని మూడు బంగారు పిట్టలు. నేల ఆకుపచ్చ.

ఆమె చేతిలోని కుంచె ఎర్రగా ఉంది.

వెనక్కి తిరిగి బల్ల వైపు చూసింది. తెరిచి ఉన్న ప్రార్థన పుస్తకంలో, మొదటి పుట అడుగున, అరచెయ్యంత డాలు. దాని మీదా అవే మూడు బంగారు పిట్టలు. నేల మాత్రం ఎరుపు. జేగురు పూసి సరిపెట్టిన ఎరుపు కాదది. ఇంగిలీకం మెత్తగా నూరి, గుడ్డు తెల్లసొన కలిపి, దొర కదా అని రెండు పూతలు వేసిన ఎరుపు.

ఆ దొర పేరు అన్సెల్. మూడు వారాల కిందట బర్గండీ వాళ్లు పారిస్‌లోకి చొరబడ్డప్పుడు వాళ్లతో వచ్చిన సేనానుల్లో ఒకడు. వంతెన పక్క చెరసాల ఇప్పుడతని చేతిలో ఉంది. ఆ చెరసాలలో ఎదెలీన్ భర్త తీబో ఉన్నాడు. బర్గండీ వాళ్ల శత్రువులైన ఆర్మాన్యాక్ వాళ్ల పుస్తకాలకు బొమ్మలు వేశాడని ఎవరో చెప్పారు. ఆ మాట నిజమే. ఈ వీధిలో కుంచె పట్టినవాళ్లంతా ఇరుపక్షాలకీ వేశారు. కానీ ఇరుగుపొరుగు చెప్పింది తీబో ఒక్కడి పేరే.

పోయిన ఆదివారం గుంపు ఊళ్లో ఇంకో చెరసాల తలుపులు బద్దలుకొట్టింది. లోపలున్నవాళ్లను కిటికీల్లోంచి బల్లేల మీదికి తోశారు. ఈ సాయంత్రం వంతెన దగ్గరికి వస్తారని పొద్దుటినుంచీ వీధంతా చెప్పుకుంటోంది. సాయంకాల ప్రార్థన గంట లోపు అన్సెల్ దొర డాలు వేసిన పుస్తకం అతని చేతికి అందితే, తీబో బయటికి వస్తాడు. అదీ ఒప్పందం.

"మామయ్యా!" అంది ఎదెలీన్. "అన్సెల్ దొర జెండా ఏ రంగు?"

గది మూలలో నాపరాయి మీద సుద్ద నూరుతున్న గోషే తల ఎత్తలేదు. తీబో తండ్రి. యాభై ఏళ్లు కుంచె పట్టినవాడు. రెండేళ్లుగా కళ్లకు తెల్లటి పొర కమ్మేసింది.

"నన్నా అడగడం? నా చెయ్యి నాకే కనబడదు. ఇక జెండాలు చూస్తానా?"

"పచ్చగా ఉంది. ఇప్పుడే చూశాను."

నూరుడు ఆగిపోయింది.

"ఆ చీటీ మళ్లీ చదువు."

ఎదెలీన్ పుస్తకం పక్కనున్న చీటీ అందుకుంది. చదవాల్సిన పనేమీ లేదు, నోటికొచ్చు. "నేల సినోపుల్. దాని మీద కాళ్లు లేని మూడు బంగారు పిట్టలు."

"మరి! సినోపుల్ అంటే ఎరుపే. ఆ గూట్లో రెండో జాడీ మీద రాసి ఉన్నదేమిటి? మా తాత చేతిరాత అది. మూత తీసి చూడు. అందులో మట్టి పచ్చగా ఉంటే నా రెండు చెవులూ కోసి కుక్కలకు వెయ్యి."

"జాడీలో ఎరుపే ఉంది మామయ్యా. జెండా మీద పచ్చ ఉంది."

"నీ కళ్లు..." అని ఆగాడు ముసలాయన. ఎదెలీన్ కళ్ల గురించి ఆయనకు బాగా తెలుసు. ఆ కళ్లతోనే ఈ ఇల్లు రెండేళ్లుగా అన్నం తింటోంది. "ఎరుపు నేల మీద మూడు పిట్టలు నేనే వేశాను. ఇరవై ఏళ్ల కిందట. రెనో దొర అని... ఆయన పెళ్లి పుస్తకానికి. అందుకే చీటీ వినగానే అదేననుకున్నాను."

"రెనో దొర ఎవరు?"

గోషే నూరిన సుద్దను చేత్తో పక్కకు తోశాడు.

"అన్సెల్‌కి అన్న," అన్నాడు. "పెద్దవాడికి ఇంటి రంగు. చిన్నవాడు అవే పిట్టలు ఉంచుకుని నేల మార్చుకోవాలి. రెనో ఆర్మాన్యాక్ వాళ్లలో ఉన్నాడు. అతని తల తెచ్చినవాడికి గుర్రం ఇస్తానని ఈ తమ్ముడు ఊరంతా చాటించాడు."

ఎదెలీన్ కుంచె నీళ్లలో పెట్టింది. నీళ్లు ఎర్రబడ్డాయి. తన భర్తను పట్టుకున్నవాడికి, అతను చంపాలని వెతుకుతున్న అన్న డాలు బంగారంతో సహా వేసి సిద్ధం చేసింది.

"గీకెయ్యి," అన్నాడు గోషే.

"కుదరదు. దోచుకొచ్చిన పుస్తకం ఇది. పాతవాళ్ల డాలు నేనే గీకాను. పుట తోలు అక్కడ ఉల్లిపొరలా ఉంది. ఇంకోసారి కత్తి పెడితే చిల్లే."

"అయితే ఆ పుట కోసి, కొత్త తోలు అతికించి..."

"గంట కొట్టే లోపలా?"

ముసలాయన లేచి, గోడ తడుముకుంటూ బల్ల దగ్గరికి వచ్చాడు. వేలి కొసతో డాలు అంచు తాకి వాసన చూశాడు. "ఇంగిలీకం," అన్నాడు అసహ్యంగా. ఆ రంగు మీద బతికినవాడే. "దీని మీద పచ్చ వేస్తే బురద అవుతుంది. ముందు తెలుపు వెయ్యి. సీసపు తెలుపు, చిక్కగా. ఎరుపు కనబడకుండా కప్పేది అదొక్కటే."

"తెలుపు మీద ఏ పచ్చ? రాతిపచ్చ పోయిన నెలే అయిపోయింది."

"రాగి చిలుము?"

"ఆరడానికి రెండు రోజులు పడుతుంది."

ఇద్దరికీ మిగిలింది ఏమిటో తెలుసు. ఎదెలీన్ గూట్లోంచి పసుపు ముద్ద తీసింది. హరిదళం. బంగారం లేని పేద పుస్తకాలకు బంగారంలా మెరిసే రాయి. దానికి నీలిమందు కలిపితే చిలక రెక్కంత పచ్చన వస్తుంది, గంటలో ఆరుతుంది.

"వద్దు," అన్నాడు గోషే. "ఆ వాసన నాకు తెలుస్తోంది. అది వద్దు."

"ఇంకేముంది చెప్పు మామయ్యా. చెప్పు, అదే వేస్తాను."

"సీసపు తెలుపు మీద హరిదళం పెట్టకూడదని నాకు మా నాన్న చెంపలు వాయించి నేర్పించాడు. ఆ రెండూ ఒకదాన్నొకటి తింటాయి. పచ్చ నల్లబడుతుంది. తర్వాత పెచ్చులు లేస్తుంది."

"ఎన్నాళ్లకు?"

"నాకేం తెలుసు? చెంపదెబ్బలు తిన్నాక ఎవడు వేసి చూస్తాడు?"

ఎదెలీన్ హరిదళం ముద్దను రాయి మీద పెట్టింది. "ఈ సాయంత్రం దాకా నిలిస్తే చాలు."

ముసలాయన తడుముకుంటూ వెళ్లి కుంపటి ఊది, నిప్పు రాజేశాడు.

సీసపు తెలుపు ఎరుపు మీద ఒక పట్టాన నిలవలేదు. మొదటి పూతలోంచి గులాబి రంగు పైకి తేలింది. ఎదెలీన్ మళ్లీ వేసింది. బంగారు పిట్టల చుట్టూ, రెక్కల సందుల్లో, ముక్కుల కింద, ఊపిరి బిగబట్టి వేసింది. ఒక్క చుక్క బంగారం మీద పడినా తుడవడానికి వ్యవధి లేదు. గోషే కుంపటిని దూరంగా, పుట వేడెక్కేంత, తోలు ముడుచుకోనంత దూరంగా పట్టుకున్నాడు. కళ్లు లేకపోయినా ఆ దూరం ఆయన చేతులకు తెలుసు.

పచ్చ మొదటి పూత పడింది. రెండోది పడుతుండగా కింద తలుపు తట్టారు.

"గంట ఇంకా కాలేదే!" అన్నాడు గోషే.

మెట్ల మీద బరువైన అడుగులు. ఎదెలీన్ చివరి మూల నింపి, కుంచెను జాకెట్టు చేతిలోకి తోసేసింది. తలుపు తీసుకుని ఒడార్ లోపలికి వచ్చాడు. అన్సెల్ దొర భట్టు అతను. వంశాలు, బిరుదులు, డాళ్లు ఏకరువు పెట్టడమే ఉద్యోగం. చీటీ రాసిచ్చింది అతనే. రొమ్ము మీద బర్గండీ వాళ్ల అడ్డశిలువ మినహా ఒంటి మీద ఏ గుర్తూ లేదు. చీటీ ఇచ్చిన రోజు ఒక్క పచ్చ పోగైనా కట్టుకొచ్చి ఉంటే ఎంత బాగుండేదో.

"ఏమ్మా, అయిందా? దొర కబురంపాడు. జనం అప్పుడే పోగవుతున్నారు. ఆలస్యమైతే నీ మొగుడికి నేను పూచీ కాదు."

"అయింది అయ్యగారూ."

ఒడార్ వంగి చూశాడు. ఎదెలీన్ అతని ముఖం వైపు చూడలేక అతని బూట్ల వైపు చూసింది.

"బాగుంది. చక్కటి సినోపుల్," అన్నాడు. "నీకు తెలిసింది, సంతోషం. మీ రంగులవాళ్లలో ముసలి ముండాకొడుకులున్నారు చూడు, సినోపుల్ అంటే ఇంకా ఎరుపేననుకుంటారు! పచ్చను మన భాషలో వేర్ అంటాం. డాళ్ల మీద వేసే ఉడుత తోలునూ వేర్ అనే అంటాం. యుద్ధంలో కేక వేస్తే ఏది ఏదో ఎవడికి తెలియాలి? అందుకని మా భట్లం పచ్చకు సినోపుల్ అని పేరు పెట్టుకున్నాం. మొన్న ఒకడు మా దొర గుర్రపు జీనుకు ఎరుపు వేసి తెచ్చాడు."

"అయ్యో," అంది ఎదెలీన్. "ఏం చేశారు?"

"వాడి కుడిచేతికి వేళ్లు రెండు మిగిలాయి. అదీ మా దొర నవ్వుతాలుగా ఉన్న రోజు." మూల వైపు తిరిగాడు. "ఏం తాతా, నువ్వేమంటావు? సినోపుల్ ఏ రంగు?"

గోషే నూరుడు రాయి మీద రెండు చేతులూ ఆనించుకున్నాడు. "నాకు అన్ని రంగులూ ఒకటే దొరా. గుడ్డివాణ్ణి."

ఒడార్ పకపకా నవ్వి, పుస్తకం మూయబోయాడు.

"వద్దు!" ఎదెలీన్ చెయ్యి అడ్డం పెట్టింది. "తడి ఆరలేదు అయ్యగారూ. మూస్తే ఎదుటి పుటకు అంటుకుని, పిట్టలు ఊడి వస్తాయి. తెరిచే మోసుకుపోవాలి."

"తెరిచా? వంతెన దాకా? వడ్డించిన విస్తరిలాగా?" ఒడార్ విసుక్కున్నాడు. "సరే, నువ్వే మోయి. నేను ముందు నడిచి దారి తీస్తాను. కింద పడేశావంటే నాకు సంబంధం లేదు."

సెయింట్ సెవెరిన్ గుడి పక్కగా సందు దాటుతుంటే ఎండ ముఖం మీద కొట్టింది. జూన్ నెల ఎండ. ఎదెలీన్ పుస్తకాన్ని రెండు చేతుల మీదా పరిచి పట్టుకుని నడిచింది. ఈగలు ముసిరాయి. ముఖం మీది చెమట తుడుచుకోవడానికి చెయ్యి లేదు. ఆ చెమట పుట మీద పడకుండా తల వెనక్కి వాల్చుకుని నడిచింది. తలుపుల దగ్గర ఆడవాళ్లు చూస్తున్నారు.

"ఏమే ఎదెలీన్, పెళ్లి పళ్లెమా?" అని అరిచింది రొట్టెలమ్మే ఆవిడ. "మొగుణ్ణి అందులో పెట్టి తెస్తావా?"

"అడ్డు లెండి!" అన్నాడు ఒడార్.

వంతెన వైపు జనం చిక్కబడ్డారు. కసాయివాళ్లు ఉన్నారు, పడవవాళ్లు ఉన్నారు. కొందరి చేతుల్లో గొడ్డళ్లు. ఇంకా అరవడం మొదలుపెట్టలేదు. పుస్తకం కదలకుండా ఆమె మోచేతులు పక్కటెముకలకు నొక్కిపెట్టుకుంది.

అప్పుడు చూసింది.

ఎండకు పై పూత బిగుసుకుంటోంది. నడిమి పిట్ట రెక్క పక్కన పచ్చ, దాని కింది తెలుపుతో సహా చిట్లింది. వెంట్రుకంత పగులు. ఆ పగుల్లో తెలుపు కనబడలేదు. ఎరుపు కనబడింది. పుల్లతో గీసినట్టు, సన్నగా, స్పష్టంగా.

తుడవడానికి వీల్లేదు, కప్పడానికి చేతులు లేవు. పది అడుగుల దూరంలో, చెరసాల గుమ్మం ముందు, ఒక పీపా మీద కూర్చుని అన్సెల్ దొర ఏదో పండు తింటున్నాడు. ముప్పై ఏళ్లు దాటని మనిషి. ముఖం చూస్తే ఎవరికీ భయం వెయ్యదు. వెనక ఇద్దరు బల్లేలవాళ్లు, ఆ వెనక ఇనుప తలుపు.

"ఇలా పట్టుకో," అన్నాడు అతను. చేతులకు పండు రసం అంటుకుని ఉంది, అందుకని ముట్టుకోలేదు. ఎదెలీన్ మోకాళ్లు వంచి పుస్తకం ఎత్తి పట్టుకుంది.

అతను చూశాడు. మెల్లగా నమిలాడు.

"పిట్టలు బాగున్నాయి. నిజంగానే ఎగిరేట్టున్నాయి." ముందుకు వంగాడు. "ఇదేమిటి? ఈ ఎర్ర గీత?"

అతని చూపు గీత మీదే ఉంది. జనంలో ఎవరో దగ్గారు.

"బంగారం కిందిది దొరా," అంది. మాట తనకు తెలియకుండానే వచ్చింది. "బంగారు రేకు ఉత్త తోలు మీద నిలవదు. కింద ఎర్రమట్టి పూసి, దాని మీద పరుస్తాం. రెక్క అంచున ఆ ఎరుపు పిసరంత కనబడనిస్తే బంగారానికి నిగ్గు వస్తుంది. లేకపోతే ఇత్తడిలా ఉంటుంది."

"నాకు ఎరుపంటే పడదు. తెలుసా నీకు?"

"తెలియదు దొరా."

అన్సెల్ భట్టు వైపు తిరిగాడు. "ఒడార్! ఇది చెప్పేది నిజమేనా?"

ఒడార్‌కి రంగుల పని గురించి ఆవగింజంతైనా తెలియదు. తెలియదని పదిమందిలో ఒప్పుకునే అలవాటు అంతకన్నా లేదు.

"ఆ మాత్రం తెలియనిదేముంది దొరా," అన్నాడు గడ్డం ఎత్తి. "రాజుల పుస్తకాలన్నిటిలోనూ ఇంతే. చౌకరకం పనివాళ్లే ఆ ఎరుపును దాచేస్తారు."

అన్సెల్ పండు టెంకను జనం మీదికి ఉమ్మాడు. "అయితే ఉండనీ. తీబో అన్నవాణ్ణి తీసుకురండి."

తెరిచిన పుస్తకాన్ని ఒడార్ ఆమె చేతుల్లోంచి అందుకున్నాడు. ఇనుప తలుపు మనిషి పట్టేంత తెరుచుకుంది. తీబో ఒక కాలికే జోడుతో వచ్చాడు. పన్నెండు రోజుల గడ్డం. ఎండకు కళ్లు మూసుకున్నాడు. బల్లేలవాడు అతని చేతిలో ముద్ర వేసిన చీటీ పెట్టి, వీపు మీద ఒక్కటి చరిచాడు. గుంపు మధ్యలోంచి ఎదెలీన్ అతని మోచెయ్యి పట్టుకుని నడిపించుకు వచ్చింది. ఎవరూ అడ్డురాలేదు. వాళ్లు సందు తిరిగేలోపే వెనక గంట మోగింది, దానితోపాటే అరుపులు మొదలయ్యాయి. తీబో వెనక్కి తిరగబోయాడు.

"చూడకు," అంది ఎదెలీన్.

"లోపల నాతో పాటు పదహారుమంది..."

"చూడకు అన్నానా!"

ఇంట్లోకి వచ్చి గడియ వేసుకున్నాక, తండ్రి కొడుకు ముఖాన్ని రెండు చేతులతో తడిమాడు. ఎదెలీన్ జరిగింది చెప్పింది. తీబో కుండలో నీళ్లు సగం తాగి ఆగిపోయాడు. అతను కూడా కుంచె పట్టినవాడే.

"పచ్చ ఎక్కడిది? రాతిపచ్చ లేదుగా?"

"హరిదళం. నీలిమందు."

"దేని మీద?"

బల్ల మీద ఎండిపోతున్న సీసపు తెలుపు చిప్ప అతనే చూశాడు. కుండ కింద పెట్టాడు.

"నల్లబడుతుంది," అన్నాడు. "నల్లబడి రాలుతుంది. రాలాక కింద..."

"రెనో దొర డాలు," అన్నాడు గోషే. "అతను రోజూ పొద్దున్నే తెరిచి ప్రార్థన చేసుకునే పుస్తకంలో."

"ఎన్నాళ్లు పడుతుంది నాన్నా?"

"ఏమోరా. ఏడాది పట్టచ్చు. నెల పట్టచ్చు. ఎండలో మోశారు, అదేం చేసిందో."

తీబో తెగిపోయిన తోలు ముక్క ఒకటి వెతికి ఆమె ముందు పెట్టాడు.

"అదే తెలుపు, అదే పచ్చ. చిప్పల్లో మిగిలింది ఎండిపోకముందే వెయ్యి. కింద ఇంగిలీకంతో సహా. అక్కడ ఎన్ని పూతలు వేశావో ఇక్కడా అన్ని."

"ఎందుకు?"

"అతని పుస్తకం మనం చూడలేం. ఇది చూసుకోవచ్చు."

మర్నాడు పొద్దున్న ముద్ర చీటీ చూపించి సెయింట్ జాక్ ద్వారం గుండా ఊరు దాటారు. కుంచెలు, నూరుడు రాయి, రెండు రొట్టెలు, ఒక ముసలివాడు. జాడీలన్నీ గూట్లోనే వదిలేశారు. సామాను కడితే వీధికి తెలుస్తుంది. బూర్జ్ వెళ్లాలి. అక్కడ ఆర్మాన్యాక్ వాళ్ల పక్షాన ఉన్న యువరాజు మనుషులు ఉన్నారు, అన్సెల్ మనుషులు రాలేరు. దక్షిణానికి పది పన్నెండు రోజుల నడక. గోషేతో అయితే ఇంకా ఎక్కువ.

తోలు ముక్కను ఎదెలీన్ గుడ్డలో చుట్టి రొమ్ము దగ్గర దాచుకుంది. రోజూ తెల్లవారగానే విప్పేది. ముగ్గురూ దాని చుట్టూ మూగేవాళ్లు, జబ్బుపడ్డ పిల్లను చూసుకున్నట్టు.

"ఎలా ఉంది?" అనేవాడు గోషే.

"పచ్చగానే ఉంది మామయ్యా."

"రెక్క దగ్గర?"

"ఇందులో రెక్క లేదు కదా."

"ఆ, అవును."

మూడో రోజు వెనక గుర్రాలు వినబడితే పొలంలోకి దిగి గోధుమ చేలో పడుకున్నారు. పోయింది ఉన్ని బేరగాళ్లు. ఐదో రోజు గోషే పాదం వాచింది. ఇద్దరూ చెరో భుజం పట్టి నడిపించారు. ఏడో రోజు వాన. ఓర్లియాన్ ఇంకా ఒక రోజు నడక ఉందని దారిన పోయేవాళ్లు చెప్పారు. ఆ పూట ఒక గొర్రెల పాకలో తలదాచుకున్నారు. పాకవాడి పెళ్లాం పొద్దున్నే చారు కాచి ఇస్తానంది.

తెల్లారింది. ఎదెలీన్ గుడ్డ విప్పింది.

పచ్చ నిగనిగలాడుతోంది. ఊపిరి వదిలి, ముక్కను మళ్లీ చుట్టబోతూ, వెలుతురుకు అడ్డంగా పట్టుకుంది. కింది మూలలో ఏదో ఉంది. మట్టి అనుకుని గోటితో రాసింది. పోలేదు. గోధుమరంగు మచ్చ. అంచులు నల్లగా ఉన్నాయి.

తీబో ఆమె భుజం మీదుగా చూసి, వెనక్కి వెళ్లి జోళ్ల తాళ్లు బిగించుకోవడం మొదలుపెట్టాడు.

"ఏమ్మాయ్, మాట్లాడవేం?" అన్నాడు గోషే గడ్డి మీద నుంచి. "ఎలా ఉంది?"

"మొదలైంది మామయ్యా."

"ఎంత?"

"నువ్వుగింజంత."

ముసలాయన చెయ్యి చాచాడు. ముక్క అడుగుతున్నాడనుకుని ఆమె అందించబోయింది. ఆయన దాన్ని తోసేసి ఆమె మణికట్టు పట్టుకున్నాడు, లేవడానికి. వాచిన పాదం నేలకు ఆనించి, పళ్లు బిగించి నిలబడ్డాడు.

పాకవాడి పెళ్లాం చారు కుండతో గుమ్మంలోకి వచ్చేసరికి లోపల ఎవరూ లేరు. వానలో, దారి మీద, ముగ్గురు మనుషులు ఒకరినొకరు పట్టుకుని, వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ పోతున్నారు.